ఆ శుక్రవారపు రొట్టె నేను చేయవచ్చా?

కోనసీమ నుంచి ఇజ్రాయెల్ వెళ్ళి, అక్కడ వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇస్తున్నాను.

టెల్ అవీవ్‌కు దగ్గరలోని ఒక పట్టణంలో, 84 ఏళ్ళ వితంతువు ఇంట్లోనే ఉండి ఆమెను చూసుకుంటున్నారు ఈ సోదరి. పెద్దావిడ పుట్టింది రుమేనియాలో. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో ఇజ్రాయెల్ వచ్చేశారు. మనవలు పిలిచినట్టే ఈమె కూడా ఆవిడను సఫ్తా, అంటే అమ్మమ్మ అని పిలుస్తారు. సఫ్తా జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు కానీ చేతులు వణుకుతాయి. యూదుల వారపు విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పెళ్ళయిన నాటి నుంచి ప్రతి శుక్రవారం జడలా అల్లిన రెండు హల్లా రొట్టెలను స్వయంగా కాల్చి సాయంత్రం బల్ల మీద పెట్టిన మనిషి ఇప్పుడు పిండి ముద్దను నిలకడగా పట్టుకోలేరు. పోయిన చలికాలంలో ఒకనాడు "నేను చెబుతాను, నువ్వు చెయ్యి" అన్నారట. అలా మొదలైంది. కొలతలేమీ లేవు. సఫ్తా పిండిని వేలితో నొక్కి చూసి "ఇంకొంచెం నీళ్ళు" అంటే నీళ్ళు, "చాలు" అంటే చాలు. మూడు పాయలు అల్లడం మాత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

ఒక శుక్రవారం సఫ్తా కూతురి కుటుంబం భోజనానికి వచ్చింది. అల్లుడు నిష్ఠగలవాడు. ఇంట్లో చేసిన రొట్టెలను ఆయన పక్కకు జరిపి, తాము కొని తెచ్చిన వాటి మీదే ప్రార్థన చెప్పి, అవే అందరికీ పంచారు. మర్నాడు రాత్రి కూతురు ఫోన్ చేసి, "ఇకమీదట నువ్వు హల్లా చేయవద్దు, దుకాణంలో కొని తెస్తాం" అన్నారు. ఆ మాట తెలిసిన సఫ్తా, "ఇల్లు నాది, ఓవెన్ నాది, నువ్వు చెయ్యి" అని పట్టుబట్టారు. జీతం ఇచ్చేది కూతురు. ఏజెంటుకు కట్టిన డబ్బు తాలూకు అప్పు ఊళ్ళో ఇంకా తీరలేదు.

ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాటలు ఇవి: "మా ఊరి టీ కొట్టులో మా నాన్నకు వేరే గ్లాసు ఉండేది. ఈ అల్లుడు రొట్టెను పక్కకు జరిపినప్పుడు నాకు ఆ గ్లాసే కనబడింది. ఇంత దూరం వచ్చాక కూడా అదేనా?"

ఆమె అడిగినవి మూడు. అది అవమానమేనా? చేయడం మానాలా, కొనసాగించాలా? చేస్తే, ప్రతిసారీ రొట్టె ఒక పక్క ఎందుకు పగులుతోంది?

* * *

అమ్మా, మీరు మొదట అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అది తేలకపోతే మిగతా రెండింటికి నేను ఏం చెప్పినా మీ మనసుకు ఎక్కదు.

ఆ గ్లాసు మీకు గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. మీ నాన్నగారికి జరిగింది చూసినవారికి, తమ చేతి తిండిని ఎవరైనా తోసిపుచ్చితే మరో ఆలోచన ముందుగా రాదు. అందుకే ఆ అల్లుడు పాటించిన నియమం ఏమిటో మీకు పూర్తిగా తెలియాలి. తెలిశాక అది అవమానమో కాదో మీరే తేల్చుకోండి.

యూదు ధర్మశాస్త్రంలో, యూదులు కానివారు కాల్చిన రొట్టెను యూదులు తినకూడదనే నియమం ఉంది. చాలా పాతది, సుమారు 1,800 ఏళ్ళ నాటి యూదు ధర్మ సంకలనం మిష్నాలోనే దాని ప్రస్తావన కనిపిస్తుంది. దానికి పెద్దలు చెప్పిన కారణం మైల కాదు. కలిసి తింటే స్నేహాలు, స్నేహాల వెంట పెళ్ళిళ్ళు వస్తాయని, చెల్లాచెదురైన చిన్న సమాజం అలా కరిగిపోతుందని భయపడ్డారు. అది ఒక గోడే. గోడ కాదని మీకు చెప్పను. అయితే ఆ నియమం పట్టించుకునేది రొట్టె కాలే నిప్పును. పిండి ఎవరు జల్లించారు, ఎవరు పిసికారు, ఎవరు అల్లారు అన్నదాని మీద దానికి అభ్యంతరం లేదు. పొయ్యి వెలిగించడంలో ఒక యూదు చేయి ఉంటే ఆ రొట్టె తినవచ్చు. కట్టెల పొయ్యిల కాలంలో ఒక చిన్న పుల్లను మంటలో పడేసినా సరిపోతుందన్నారు. ఈ కాలంలో ఓవెన్ మీట తిప్పితే చాలు.

ఆ అల్లుడు కొని తెచ్చిన రొట్టెనే తీసుకోండి. ఇజ్రాయెల్ బేకరీల్లో అరబ్బులు పని చేస్తారు, వలస వచ్చినవాళ్ళు పని చేస్తారు. ఆ పిండి పిసికిన చేయి ఎవరిదో ఆయన అడగలేదు, అడగాల్సిన అవసరమూ ఆయన ధర్మంలో లేదు. ప్యాకెట్ మీద ఉన్న ముద్ర చూసి, ఆ నియమాలన్నీ ఎవరో పర్యవేక్షించారని నమ్మి తిన్నారు. మీ రొట్టె విషయంలో ఓవెన్ ఎవరు వెలిగించారో ఆయనకు తెలియదు. బహుశా మీరే వెలిగించి ఉంటారు. ఆయన పక్కకు జరపడానికి ఆ కారణం చాలు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ద్రాక్షారసం విషయంలో నియమం వేరు. మరిగించని ద్రాక్షారసం సీసా తెరిచాక యూదులు కానివారు ముట్టుకుంటే నిష్ఠాపరులు దాన్ని తాగరు. అక్కడ స్పర్శకే పట్టింపు ఉంది. శుక్రవారం సాయంత్రం ఆ సీసాను మీకు అందకుండా తీసి పెడితే మీకు మళ్ళీ మనసు కష్టపడవచ్చు, ఆ కష్టం అన్యాయమైనది కాదు. కాబట్టి ఆ ఇంట్లో గోడలే లేవని అనుకోవద్దు. కానీ అదే ఇంట్లో మీరు అదే బల్ల దగ్గర, అవే కంచాల్లో తింటున్నామని రాశారు. మీ చేతి నీళ్ళు తాగుతారు, మీ చేత్తో స్నానం చేయించుకుంటారు. మీ నాన్నగారి గ్లాసు వెనుక ఉన్నది ఒక మనిషిని పుట్టుకతోనే నీచంగా చూసే లెక్క. అది ఇక్కడ నాకు కనబడలేదు. ఆయన ఒక్క మాట చెప్పి జరిపి ఉంటే మీకు ఇంత గాయం అయ్యేది కాదు. చెప్పకపోవడం మర్యాద లోపం. ఆ లోపాన్ని మాత్రం మీరు ఆయన ఖాతాలో రాసుకోవచ్చు.

కూతురి మాట వేరే దారిది. రెండింటినీ ఒకే ముడిగా చూస్తున్నారు కాబట్టే మీకు ఊపిరాడడం లేదు. అల్లుడి సమస్య ఓవెన్ మీట తిప్పితే తీరుతుంది. కూతురిది తీరదు. మీ ఉత్తరంలో మీరు దాటవేసినట్టు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగాను: "ఆమెకు హల్లా చేయడం రాదు, ఎప్పుడూ చేయలేదు." శుక్రవారం దీపాలు వెలిగించడం, పిండిలోంచి మొదటి ముద్ద తీసి వేరుచేయడం, యూదు సంప్రదాయం స్త్రీలకు ప్రత్యేకంగా అప్పగించిన విధుల్లో ఈ రెండూ ఉన్నాయి. అవి తల్లి పక్కన నిలబడి కూతురు నేర్చుకునేవి. తల్లి చేతులు వణికే రోజు వచ్చేసరికి ఆ పక్కన మీరు నిలబడి ఉన్నారు. మీరు ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ దృశ్యం ఆమెకు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలరు. ఇది నా ఊహ మాత్రమే, తప్పు కావచ్చు. కానీ "కొని తెస్తాం" అన్న మాటలో నియమం కంటే నొప్పే ఎక్కువ వినబడింది నాకు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కూతురు చెప్పినట్టు పూర్తిగా మానేయడం ఒకటి. జీతం ఇచ్చే మనిషితో గొడవ ఉండదు, ఉద్యోగం గురించి భయం ఉండదు, శుక్రవారం మీకూ కొంత తీరిక దొరుకుతుంది. అప్పు ఉన్న మనిషి ఈ దారి ఎంచుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. పోయేది సఫ్తాకు. వారంలో తన అవసరం ఉందని ఆమెకు అనిపించే పూట అదొక్కటే కావచ్చు. ఈ దారి పట్టేటట్టయితే ఒక్క షరతు పెట్టుకోండి: ఆ కబురు సఫ్తాకు కూతురే స్వయంగా చెప్పాలి. మీ నోటితో చెప్పిస్తే తల్లి దృష్టిలో రొట్టె మానేసింది మీరవుతారు.

కూతురి కుటుంబం రాని వారాల్లో చప్పుడు లేకుండా చేసి పెట్టడం రెండోది. సఫ్తా మిమ్మల్ని కోరుతున్నది ఇదేనని అర్థమవుతోంది. ఇద్దరికీ సంతోషంగానే గడుస్తుంది, తెలిసేదాకా. నిష్ఠగల ఇంట్లో వంటగది మీద నమ్మకం చాలా పెద్ద విషయం. మాంసాన్నీ పాలనూ కలపకూడదన్నది వాళ్ళ నియమం. ఏ గిన్నె మాంసానిది, ఏది పాలది, ఏ పళ్ళెంలో ఏం కాలింది అన్నది వాళ్ళు మీ మాట మీదే నమ్ముతున్నారు. ఒక్క రొట్టె దాచారని తెలిస్తే ఆ వంటగదిలో మీరు చెప్పే ఏ మాటనూ నమ్మరు, అప్పుడు సఫ్తా కూడా మిమ్మల్ని కాపాడలేరు. ఈ దారి వద్దని గట్టిగానే చెబుతాను.

మూడోది, ముందుగా అడిగి, వాళ్ళ నియమాల ప్రకారం చేయడం. అంటే ఓవెన్ సఫ్తా వెలిగించాలి. చేయి వణికినా మీట తిప్పగలరు; మధ్యలో ఆపాల్సి వస్తే మళ్ళీ ఆమే తిప్పాలి. పిండిలో పాలు, వెన్న పడకూడదు, నూనె మాత్రమే. సాయంత్రం మాంసం వడ్డించే భోజనంలో అది తినాలి కదా. గుడ్లు ఒక్కొక్కటిగా గిన్నెలో కొట్టి చూడాలి, రక్తపు చుక్క కనబడితే ఆ గుడ్డు పారేయాలి. పిండి జల్లించాలి. అన్నీ విశ్రాంతి దినం మొదలయ్యే దీపాల వేళకు ముందే ముగియాలి. చాలా ఊళ్ళలో దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. ఆ తరువాత ఓవెన్ జోలికి వెళ్ళకూడదు, సఫ్తా అడిగినా సరే.

ఇక మొదటి ముద్ద సంగతి. మీరు బైబిలు చదువుతానని రాశారు కాబట్టి సంఖ్యాకాండము 15వ అధ్యాయం తీసి చూడండి, పిండిముద్దలో మొదటి భాగం దేవునికి వేరుచేయమన్న ఆజ్ఞ అక్కడ ఉంది. శుక్రవారం రెండు రొట్టెలు ఎందుకో కూడా మీకు తెలిసిన కథలోనే ఉంది: నిర్గమకాండము 16లో, ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నా విశ్రాంతి దినానికి ముందురోజు రెండింతలు దొరికింది. ముద్ద తీసే విధి పొడి పిండి పరిమాణం మీద ఆధారపడుతుంది. చాలామంది పాటించే లెక్క ప్రకారం సుమారు 1 కిలో 200 గ్రాముల కంటే తక్కువ పిండికి అది అక్కరలేదు. సుమారు 1 కిలో 670 గ్రాములు, అంతకు మించితే ప్రార్థన చెప్పి తీస్తారు. ఆ మధ్యలో ఉంటే ప్రార్థన లేకుండా తీస్తారు. కొందరి లెక్క ఇంకా ఎక్కువ. తీయాల్సింది సఫ్తా, మీరు కాదు. వారం వారం మీరు అరకిలో పిండితో రెండు చిన్న రొట్టెలు చేస్తే ఆ ప్రశ్నే రాదు.

ఈ దారిలో మీకు పని తగ్గదు, అదీ గుర్తుంచుకోండి. ఇంత చేసినా ఆ అల్లుడు తినకపోవచ్చు. కొందరు తమ రబ్బీ, అంటే మతగురువు, చెప్పిన మాట మీద ఇంకా కట్టుదిట్టంగా ఉంటారు. అప్పుడు ఆయన రొట్టెలు ఆయనవి, సఫ్తా రొట్టెలు సఫ్తావి. రెండూ ఒకే బల్ల మీద ఉండవచ్చు. దాన్ని ఓటమిగా తీసుకోకుండా ఉండగలరా అన్నది ముందే ఆలోచించుకోండి.

నాలుగోది కూతురిని వంటగదిలోకి పిలవడం. నెలకోసారి, ఆమెకు వీలున్న గురువారం సాయంత్రమో శుక్రవారం ఉదయమో, 1 కిలో 700 గ్రాముల పిండితో పెద్ద ఎత్తున చేయవచ్చు. అప్పుడు సఫ్తా ప్రార్థన చెప్పి తన చేత్తో ముద్ద తీయగలుగుతారు. నిమ్మకాయంత ముద్ద కూడా అక్కరలేదు, చిన్న ఉండ చాలు. దాన్ని కాగితంలో చుట్టి కాల్చేస్తారు, లేదా రెండు పొరల్లో చుట్టి పారేస్తారు. ఈ పద్ధతి వాళ్ళకు తెలుసు. కూతురు పిసుకుతుంది, తల్లి చెబుతుంది, మీరు పక్కనుంటారు. హల్లా ఫ్రీజర్‌లో చక్కగా నిలుస్తుంది, చల్లారాక గాలి పోకుండా చుట్టి పెడితే మిగిలిన శుక్రవారాలకు తీసి వేడి చేసుకోవచ్చు. మీ వారపు శ్రమా తగ్గుతుంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. కానీ దీనికి మీరు ఇచ్చుకోవాల్సింది ఒకటి ఉంది. ఇన్ని నెలలుగా సఫ్తా పక్కన మీకు దొరికిన చోటులో సగం మరొకరికి వదలాలి. ఉత్తరంలో ఆ శుక్రవారం ఉదయాల గురించి మీరు రాసిన తీరు చూస్తే, అది చిన్న విషయం కాదని నాకు తెలుస్తోంది. ఊళ్ళో అమ్మను వదిలి వచ్చినవారికి, "ఇంకొంచెం నీళ్ళు" అని చెప్పే ఒక పెద్దామె దొరకడం చిన్న సంగతా?

మూడూ నాలుగూ కలిపి కూడా నడపవచ్చు. ఏది ఎంచుకున్నా కూతురితో మాట్లాడేటప్పుడు సమర్థించుకోకండి, అల్లుడి ప్రస్తావన తేకండి. ప్రశ్నగా అడగండి: "అమ్మగారికి హల్లా చేయాలని బాగా కోరికగా ఉంది. ఓవెన్ ఆమే వెలిగించి, నేను చేతులు అందిస్తే మీకు అంగీకారమేనా? కావాలంటే మీ రబ్బీని అడిగి చెప్పండి. మీరు కూడా ఒకసారి వచ్చి మాతో చేస్తే ఆమె చాలా సంతోషిస్తారు." ఈ మాటలు మీకు వచ్చిన హీబ్రూలో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. శుక్రవారం హడావిడిలో అడగవద్దు. ఆదివారమో సోమవారమో, సఫ్తా నిద్రపోతున్నప్పుడు ఫోన్ చేయండి.

పని హద్దు గురించి కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాలి. మీరు వెళ్ళింది సఫ్తాను చూసుకోవడానికి. ఆమెకు వండిపెట్టడం అందులో భాగమే, కూతురి కుటుంబం మొత్తానికి ప్రతి వారం రొట్టెలు కాల్చడం కాదు. మీ రొట్టె వాళ్ళకు నచ్చితే ఈ సమస్య తలకిందులై వస్తుంది. "మాకూ రెండు, మా ఆడపడుచుకు రెండు" అని మొదలవుతుంది. అరకిలో పిండి, రెండు రొట్టెలు, అంతకు మించి చేయలేనని నవ్వుతూనే ముందే చెప్పండి. మీ వారపు సెలవును దీనికోసం ఎప్పుడూ తాకట్టు పెట్టవద్దు. ఒకవేళ ఈ గొడవ ముదిరి జీతం దగ్గరకో, పని మాన్పించే మాట దాకానో వస్తే, టెల్ అవీవ్‌లో కావ్ లఓవెద్ అనే సంస్థ వలస కార్మికుల హక్కుల విషయంలో సాయం చేస్తుంది. భయపడి ఒంటరిగా మథనపడేకంటే అక్కడ అడగడం నయం.

ఇక పగులు సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, కొంచెం తీరికగానే రాస్తాను.

అల్లిన రొట్టె పక్కన చీలుతోందంటే దాదాపు ఎప్పుడూ రెండో పొంగు చాలలేదని అర్థం. అల్లాక పిండికి తగినంత సమయం ఇవ్వకుండా ఓవెన్‌లో పెడితే, వేడికి లోపలి పిండి ఒక్కసారిగా ఉబ్బుతుంది. పైపొర అప్పటికే గట్టిపడి ఉంటుంది కాబట్టి పాయలు కలిసే బలహీనమైన చోట చీలుస్తుంది. మీరు మొదలుపెట్టింది చలికాలంలో. అప్పుడు అక్కడ సూర్యుడు ఐదు కాకముందే అస్తమిస్తాడు, వంటగది చల్లగా ఉంటుంది, ఈస్ట్ మెల్లగా పని చేస్తుంది. దీపాల వేళ తరుముకొస్తుంటే మీరు కోత పెట్టింది ఆ రెండో పొంగు సమయానికే అయి ఉంటుంది.

గురువారం రాత్రి పిండి కలపండి. అరకిలో మైదాకు 7 గ్రాముల పొడి ఈస్ట్, రెండు గుడ్లు, 60 మిల్లీలీటర్ల నూనె, 50 గ్రాముల చక్కెర, టీ చెంచాన్నర ఉప్పు, సుమారు 180 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు. నీళ్ళు అన్నీ ఒకేసారి పోయవద్దు, సఫ్తా వేలి మాట వినండి. పది నిమిషాలు బాగా పిసికి, నూనె రాసిన గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా మెల్లగా పొంగుతుంది, రుచి కూడా పెరుగుతుంది. శుక్రవారం ఉదయం బయటికి తీసి, చల్లదనం పోయేదాకా ఆగి అల్లండి.

పాయలను తూకం వేసి సమానంగా కోయండి. ఒకటి లావుగా ఉంటే లాగేది అటువైపే. ప్రతి ముద్దను ముందు అప్పచ్చిలా నొక్కి గాలి తీసేసి, చాపలా చుట్టి, ఆ తరువాత మధ్య నుంచి చివరలకు చేతులతో దొర్లిస్తూ పొడవు చేయండి. సాగనంటూ వెనక్కి ముడుచుకుంటే కొట్లాడవద్దు, ఐదు నిమిషాలు వదిలేస్తే తనే మెత్తబడుతుంది. పొడి పిండి ఎక్కువ చల్లితే పాయలు ఒకదానికొకటి అతుక్కోవు. అల్లేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి అటూ ఇటూ అల్లుకుంటూ వెళితే రెండు కొసలూ ఒకే తీరుగా వస్తాయి. ఇక్కడే మీ అలవాటు అడ్డు వస్తుందనుకుంటాను: జుట్టుకు జడ వేసినంత బిగువుగా వేయకండి. జుట్టు పొంగదు, పిండి పొంగుతుంది, దానికి చోటు కావాలి.

అల్లాక గుడ్డు సొన ఒకసారి పూసి, గుడ్డ కప్పి 45 నిమిషాల నుంచి గంట దాకా ఆగండి, చలికాలమైతే ఇంకా ఎక్కువ. వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే లేచిపోతే ఇంకా సమయం కావాలి. మెల్లగా, సగం మాత్రమే లేస్తే సిద్ధం. ఓవెన్‌లో పెట్టే ముందు సొన మళ్ళీ పూయండి, పాయల సందుల్లోకి కూడా వెళ్ళాలి. 180 డిగ్రీల వేడిలో 25 నుంచి 30 నిమిషాలు. తీసి అడుగున తడితే బోలు చప్పుడు రావాలి.

మూడు పాయలు చేతికి వచ్చాక సఫ్తాను ఆరు పాయలు చూపించమని అడగండి. ఆరు పాయల రొట్టెలు రెండు పెడితే మొత్తం పన్నెండు. పూర్వం యెరూషలేము దేవాలయంలో పెట్టిన పన్నెండు రొట్టెలకు గుర్తని చాలామంది చెబుతారు. అది మాటలతో నేర్పడం కష్టం, కాబట్టి గట్టి దారాలు ఆరు తెచ్చి బల్ల మీద పరిస్తే వణికే వేళ్ళతో కూడా ఆమె చూపించగలరు. కూతురు వచ్చిన రోజుకు దాచుకోదగిన పాఠం అది. సంవత్సరాది పండుగ రోష్ హషానాకు మాత్రం పొడవు జడ బదులు గుండ్రంగా చుట్టి చేస్తారు, ఎండు ద్రాక్ష వేస్తారు. అప్పటికి మీరు ఇంకా చేస్తూ ఉంటే ముందుగానే అడిగి తెలుసుకోండి.

కూతురు జవాబు చెప్పేదాకా ఓవెన్ వెలిగించకండి. ఈ శుక్రవారం రొట్టె ఎందుకు లేదని సఫ్తా అడుగుతారు. "మీ అమ్మాయిని అడిగాను, మాట కోసం ఆగుతున్నాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోపం వస్తే ఆవిడే కూతురికి ఫోన్ చేస్తారు. చేయనివ్వండి, వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాల్సిన విషయమే అది.